రెండుసార్లు పడిన సున్నం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అంటారు. అది అబద్ధమని నిరూపించడానికి నేను వాళ్ళతో చాలాసార్లు గొడవపడ్డాను. మా ఆయన ఇక్కడ చోడవరంలోనే కాలేజీలో లెక్కలు చెబుతారు. నేను అద్దె ఇంటి మేడ మీద గదిలో కూర్చుని ఒక కంపెనీకి పనిచేస్తాను. ఆ గదిలోంచి నా గొంతు వినపడినప్పుడల్లా ఆయన కింద ఫ్యాను ఒక నంబరు పెంచుతారు. అంతకుమించి ఏమీ అనరు. అదీ నాకు కోపమే.

ఏం పని అని ఊళ్ళో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని ఊరుకుంటాను. మా మావయ్య దగ్గర మాత్రం ఆ జవాబు చెల్లలేదు. ఆయన మా అమ్మకి తమ్ముడు. వడ్డాది వెళ్ళే దారిలో ఆయనకు చెరకు తోట, పక్కనే బెల్లం వండే పాక ఉన్నాయి.

"కంప్యూటర్ పనంటే ఏటే? తయారు సేస్తావా, బాగు సేస్తావా?"

"బాగు సేస్తాను మావా."

"అయితే మెకానిక్కువి. అలా సెప్పడానికి సిగ్గేటి?"

సిగ్గు కాదు, చెప్పడం కష్టం. అయినా ఆ రోజు పాకలో కూర్చుని చెప్పాను. ఒక పెద్ద డిస్కు ఉంటుంది. మూడు నాలుగు కంప్యూటర్లు కలిసి దాన్ని వాడుకుంటాయి. రెండు కంప్యూటర్లు ఒకే చోట ఒకేసారి రాస్తే రెంటి రాతా చెడుతుంది కనుక, రాయాలనుకున్నది ముందు లాకు తీసుకోవాలి. లాకు ఎవరి దగ్గరుంటే వాళ్ళే రాయాలి, తక్కినవాళ్ళు ఆగాలి. ఇది కాక ప్రతి కంప్యూటరుకీ జర్నల్ అని ఒకటి ఉంటుంది. ఏ పనైనా చేయబోయే ముందు, ఇదిగో ఈ పని చేయబోతున్నాను అని అందులో రాసుకుంటుంది. పని సగంలో ఉండగా కరెంటు పోయి ఆ కంప్యూటరు ఆగిపోయిందనుకోండి, బతికున్న వాటిలో ఒకటి దాని జర్నల్ తీసి చదివి, మిగిలిన పని పూర్తిచేస్తుంది. పూర్తయిందని ఆ జర్నల్ మొదటి పేజీలో గుర్తు పెడుతుంది. లాకుల సంగతి పుణెలో ఉండే ఒకాయన చూస్తారు. ఆగిపోయినవాళ్ళ జర్నల్ చదివి పూర్తిచేసే భాగం నాది. ఆరేళ్ళ కిందట మొదటి లైను నుంచీ నేనే రాశాను.

మావయ్య తల ఊపుతూ విన్నాడు. "దానికి అంత సదువెందుకే. మన పాకలో జరిగేదే కదా," అన్నాడు.

నిజమే. ఆ పాక మూడు కుటుంబాల ఉమ్మడిది. ఒకటే గానుగ మిషను, ఒకటే పెనం. ఆ పెనమంటే ఇంట్లో అట్లు పోసుకునేది కాదు, మనిషి కాళ్ళు చాపుకుని కూర్చునేంత వెడల్పు. చెరకు రసం అందులో పోసి, కింద ఎండిన పిప్పి మంట పెట్టి, పాకం వచ్చేదాకా కాస్తారు. ఎవరి విడతలో వాళ్ళ చెరకు ఆడుతుంది. పెనం దగ్గర పొడుగాటి గరిటె ఒకటి ఉంటుంది. అది ఎవరి చేతిలో ఉంటే పెనం వాళ్ళది, ఇంకెవరూ అందులో చెయ్యి పెట్టరు. ఇక రసంలో మురికి విరగడానికి సున్నపు తేట పొయ్యాలి. పోసే ముందు మావయ్య పక్క గోడ మీద బొగ్గుతో నిలువు గీత గీస్తాడు. పోశాక ఆ గీతకు అడ్డంగా కొడతాడు. తర్వాత బెండకాడల జిగురుకి ఇంకో గీత. మధ్యలో ఆయన ఎటైనా వెళ్ళాల్సి వస్తే, వచ్చినవాళ్ళు గోడ చూసి పని అందుకుంటారు. ఇది ఆయన తండ్రి నాటి అలవాటు.

మా అత్త, అంటే మావయ్య భార్య, గోడ మీద రాయదు. నురగ చూసి, వాసన చూసి, గరిటె మీంచి జారే పాకాన్ని చూసి చెబుతుంది. నీళ్ళ చెంబులో ఒక చుక్క వేసి రెండు వేళ్ళతో ఉండ చేసి, "దింపండి" అందంటే దింపాల్సిందే. మిగతా రెండు కుటుంబాల వాళ్ళు కూడా తమ విడతల్లో పాకం చూడడానికి ఆవిడనే పిలుస్తారు. నేను చిన్నప్పటి నుంచీ ఆ గరిటె పట్టుకోవాలని అడుగుతూనే ఉన్నాను. "నీ సేతికి లాప్‌టాప్పు సాలు," అంటుంది.

ఆ పాకలో ఇంకో కట్టుబాటు ఉంది. పెనం చెడితే, చెడగొట్టినవాళ్ళు ఎవరూ అడగకముందే "నాదే" అనాలి. అన్నాక వాళ్ళని ఇంకెవరూ తిట్టకూడదు. వెక్కిరించవచ్చు, అది వేరు. కానీ ఆ విడత అయ్యేదాకా వాళ్ళు గరిటె ముట్టకూడదు. చెడిన బెల్లం కూడా వాళ్ళే ఇంటికి పట్టుకెళ్ళాలి.

సరే, నా గొడవకి వస్తాను.

కిందటి చెరకు కోతల కాలంలో మా ఫైల్ సిస్టంలో, అంటే ఆ డిస్కులో ఫైళ్ళు పెట్టి తీసే ఏర్పాటులో, ఒక తప్పు బయటపడింది. బెంగుళూరు ల్యాబులో మా మిషన్లను పని మధ్యలో కావాలని ఆపేస్తూ, మళ్ళీ లేపుతూ పరీక్షిస్తారు. అలా ఆపినప్పుడు చాలాసార్లకి ఒకసారి, కొత్తగా రాసిన ఫైలు పోయి దాని చోట పాతది వచ్చి కూర్చుంటోంది. మా టీముని చూసుకునే మేడం హైదరాబాదులో ఉంటారు. ఆవిడ మెత్తగా మాట్లాడతారు, అందుకే నాకు భయం. వచ్చే వారం శుక్రవారం మీటింగులోగా తప్పు ఎవరి భాగంలో ఉందో తేలాలని, ఏ భాగంలో తేలితే ఆ భాగాన్ని ఈ విడుదలలోంచి తీసేసి పాత పద్ధతికి వెళ్ళిపోదామని చెప్పారు. పాత పద్ధతి అంటే నేను రాక ముందుది. తీసేసింది మళ్ళీ పెట్టడం మా దగ్గర ఎప్పుడూ జరగలేదు.

అంటే నా ఆరేళ్ళ పని. నాకు ఆస్తులంటూ పెద్దగా లేవు, పాటలు రావు, వంట కూడా అంతంత మాత్రమే. నేను చేశానని చెప్పుకోవడానికి నాకున్నది అదొక్కటే.

భయమేస్తే కొందరు మెత్తబడతారు. నేను అరుస్తాను. తప్పు లాకుల్లోనే ఉందని ఆ మీటింగులోనే చెప్పేశాను. చచ్చిపోయిన మిషను చేతిలోని లాకుని, దాని జర్నల్ చదవడం అవ్వకముందే ఇంకొకరికి ఇచ్చేస్తున్నారని, అందుకే నా పని పాడవుతోందని అన్నాను. పుణె ఆయన అంతా విని, "లాగ్ చూద్దాం" అన్నారు. మిషన్లు ఏ క్షణంలో ఏం చేశాయో రాసి ఉండే చిట్టాని మేము లాగ్ అంటాం. ఆయనకు ఏం చెప్పినా అదే జవాబు. ఆయన ఓపిక చూస్తే నాకు ఒళ్ళు మండేది. మనిషి తిరగబడి నాలుగు మాటలంటే నేను ఇంకో నాలుగు అనొచ్చు, అలా లాగ్ చూద్దాం అనేవాణ్ణి ఏం చేస్తాం?

ఆ మర్నాడు పొద్దున్న పరీక్ష మొదలుపెట్టాను. మధ్యాహ్నం దాకా ఫలితం రాదు. ఇంట్లో కూర్చుంటే మా ఆయన ఫ్యాను రెగ్యులేటర్ అరిగిపోతుందని స్కూటీ వేసుకుని పాకకి వెళ్ళాను. మావయ్య విడత మొదలై రెండు రోజులైంది. రసం పెనంలో మరగడం మొదలుపెట్టింది. మావయ్య గరిటె పట్టుకుని ఉన్నాడు. గోడ మీద సున్నానికి గీత గీస్తుండగా ఆయనకు ఫోను వచ్చింది. చెరకు తెస్తున్న ట్రాక్టరు కల్వర్టు దగ్గర దిగబడిందట. గరిటెని గుంజకి ఆనించి బండి తీసుకుని వెళ్ళిపోయాడు. గీత ఉంది, అడ్డం కొట్టలేదు. అది నేను శ్రద్ధగా చూశాను.

నేను చెంబు అందుకోబోతుంటే నా ఫోను మోగింది. మేడం. పాకలో గానుగ మోతకి ఏమీ వినపడదు, సిగ్నలూ ఉండదు. దూరంగా తాటిచెట్టు దాకా వెళ్ళి మాట్లాడాను. మాట్లాడానంటే, లాకుల గురించి మళ్ళీ మొదటి నుంచీ చెప్పాను. ఒక పావుగంట అయి ఉంటుంది.

తిరిగి వచ్చేసరికి పెనం దగ్గర ఎవరూ లేరు. అత్త అవతలివైపు పొయ్యి మూతిలోకి పిప్పి తోస్తోంది. గరిటె గుంజకి అలాగే ఉంది. నాకు ఒక్కసారిగా హుషారొచ్చింది. రాసుకున్న పని ఉంది, పూర్తయిన గుర్తు లేదు, రాసినవాడు లేడు. లోకంలో ఈ పరిస్థితి కోసమే పుట్టిన మనిషిని నేను. తిన్నగా వెళ్ళి తొట్టిలోంచి సున్నపు తేట చెంబు నిండా ముంచి, ఒక్క చుక్క కింద పడకుండా పెనంలో పోశాను. తర్వాత గీతకి అడ్డం కొడదామని బొగ్గు తీసుకుని గోడ వైపు తిరిగితే అక్కడ గీత లేదు. గోడ మీద అరచెయ్యంత తడి మచ్చ ఉంది.

ఆవిరికి చెరిగిపోయింది అనుకున్నాను. చెరిగిపోతే ఏం, నేనున్నాను కదా. కొత్తగా గీత గీసి, అడ్డం కొట్టి, చేతులు దులుపుకున్నాను. గరిటె కూడా పట్టుకున్నాను. ఆ పావుగంట నేను ఎంత ఆనందంగా ఉన్నానో చెప్పలేను.

తర్వాత రసం రంగు మారింది. అది తేనె రంగుకి రావాలి, కాఫీ డికాక్షన్ రంగుకి వచ్చింది. అత్త పొయ్యి దగ్గర్నుంచే ముక్కు ఎగబీల్చి, లేచి వచ్చి, గరిటె అంచున ఉన్నది వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంది.

"సున్నం ఎవలు పోసేరు?"

"నేనే అత్తా. మావ గీత గీసి ఎల్లిపోయేడు కదా."

"నేనూ పోసేను కదే."

అప్పటికి మావయ్య తిరిగి వచ్చాడు. మిగతా రెండు కుటుంబాల నుంచీ చెరకు దింపడానికి వచ్చిన ఇద్దరు ముగ్గురు పెనం చుట్టూ చేరారు. అందరూ పెనంలోకి చూసి, తర్వాత మా మొహాలు చూశారు. ఎవరో ఒకరు "నాదే" అనాలి. నేను మాట్లాడడం మొదలుపెట్టాను. గీత గీసినవాళ్ళు చూసుకునే మనిషిని పెట్టకుండా వెళ్ళకూడదని, గరిటె గుంజకి వదిలెయ్యకూడదని, పోసినవాళ్ళు పోసినట్టు గోడ మీద కొట్టి తీరాలని, పద్ధతి అంటే అందరూ పాటించాలని, ఈ పాకలో పద్ధతి సగమే ఉందని, మా ఆఫీసులో అయితే ఇలా కాదని చెప్పాను. చెప్పిందంతా సబబుగానే ఉందని ఇప్పటికీ అనుకుంటాను.

అత్త మధ్యలో "నాదే" అంది.

అంతే. మావయ్య గరిటె తీసుకున్నాడు. అత్త పొయ్యి మూతి దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నాకు అది న్యాయంగానే తోచింది, ఆవిడ పోసి గుర్తు పెట్టలేదు కదా. స్కూటీ మీద ఇంటికి వస్తూ ఆ తడి మచ్చ ఒకసారి గుర్తొచ్చింది. ఆవిరి, అని మళ్ళీ చెప్పుకున్నాను.

తర్వాతి నాలుగైదు రోజులూ మావయ్యే పాకం దింపాడు. ఒక పెనం తొందరపడి దింపితే దిమ్మలు మెత్తగా కారిపోయాయి. ఇంకోటి ఆలస్యమై అడుగంటింది. ఆయన పొయ్యి వైపు చూసి "ఏటే, వచ్చిందా?" అని అడిగేవాడట. "నన్నడగకూడదు కదా," అని అత్త పిప్పి తోసుకునేదట. ఇదంతా మా అమ్మ ఫోనులో చెప్పి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే నాకెందుకో బాగోలేదు.

బుధవారం పొద్దున్న పుణె ఆయన నుంచి మెయిల్ వచ్చింది. నాకు ఒక్కదానికే పంపారు. లాగ్‌లోంచి ఓ పదిహేను లైన్లు, వాటిమీద ఒకే మాట, వీలున్నప్పుడు చూడండని. నేను ఉప్మా పళ్ళెం పక్కన పెట్టుకుని, ఆయన లాకుల్లో తప్పు పట్టుకుందామనే కూర్చున్నాను.

మూడు మిషన్లున్నాయి. మొదటిది పని మధ్యలో ఆగిపోయింది. రెండోది, మూడోది ఇద్దరూ ఆ సంగతి గమనించారు. ఇద్దరూ దాని జర్నల్ మొదటి పేజీ చూశారు, పూర్తయిన గుర్తు లేదు. ఇద్దరూ దాని లాకు అడిగారు. రెండోదానికి ముందు దొరికింది. అది జర్నల్ చదివి, పని పూర్తిచేసి, గుర్తు పెట్టి, లాకు వదిలేసింది. ఆ తర్వాత మామూలుగా కొత్త ఫైళ్ళు రాయడం మొదలైంది. అప్పుడు మూడోదానికి లాకు దొరికింది. లాకు చక్కగా, రావలసిన వరసలోనే వచ్చింది. అది లోపలికి వెళ్ళి, మొదటి పేజీ మళ్ళీ చూడకుండా, బయట నిలబడ్డప్పుడు చూసినదాన్నే నమ్ముకుని, అయిపోయిన పనిని మళ్ళీ మొదటి నుంచీ చేసింది. కొత్త రాతల మీద పాతది పోసేసింది.

కోడ్ తెరిచాను. చూసేది ముందు, లాకు తర్వాత. ఆ రెండు లైన్లూ ఆ వరసలో రాసింది నేనే. పక్కన నేను గొప్పగా రాసుకున్న వివరణ కూడా ఉంది.

అప్పుడు తాటిచెట్టు గుర్తొచ్చింది. గోడ చూశాను, బయటికి వెళ్ళాను, పావుగంట తర్వాత తిరిగొచ్చి గోడ చూడకుండా సున్నం పోశాను. అత్త పోసి, గీతని తడి చేత్తో తుడిచేసింది. ఆవిడ గుర్తు అది. నేను పోశాక చూశాను, చూసి కూడా ఆవిరి అన్నాను. ఆరేళ్ళ కిందట కంప్యూటరుకి ఏం నేర్పానో, నేను కూడా అక్షరాలా అదే చేశాను.

నాకు నవ్వొచ్చింది. చిన్న నవ్వు కాదు, కింద మా ఆయన ఫ్యాను ఎంత పెంచినా ఆగని నవ్వు. ఆయన మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. నవ్వు ఆగాక సిగ్గేసింది, సిగ్గు తర్వాత భయమేసింది. సరిచేయడం తేలిక. లాకు దొరికాక మొదటి పేజీ ఇంకోసారి చదివితే చాలు, మూడు లైన్లు. కానీ శుక్రవారం ఎవరి భాగంలో తేలితే వాళ్ళ భాగం పోతుంది.

దాచాలనిపించలేదని చెబితే అబద్ధమవుతుంది. ఆ మూడు లైన్లనీ లాకుల వరసకి సంబంధించిన సవరణ అని పేరుపెట్టి పంపొచ్చు. పుణె ఆయన ఎవరికీ చెప్పలేదు, చెప్పే రకమూ కాదు. ఒక గంటసేపు ఆ పేరుని ఎలా రాస్తే బావుంటుందో కూడా ఆలోచించాను. ఉప్మా చల్లారి రాయిలా అయింది. అత్త పొయ్యి దగ్గర కూర్చుని పిప్పి తోస్తోందని మా అమ్మ చెప్పిన మాట మాత్రం వదలలేదు. ఆవిడకి గరిటె లేకపోవడం, నాకు ఈ కోడ్ లేకపోవడం లాంటిదే కదా అనిపించింది. నేను వారం రోజులుగా భయపడుతున్నది ఆవిడకి అప్పటికే జరిగిపోయింది, అదీ నా వల్ల.

గురువారం పొద్దున్నే పాకకి వెళ్ళాను. మావయ్య గరిటెతో కుస్తీ పడుతున్నాడు. నేను పెనం దగ్గర నిలబడి, అందరికీ వినపడేలా, "ఆ రోజు సెడిన పెనం నాదే," అన్నాను. గానుగ మోతలో ఎవరికీ వినపడలేదు. మిషను ఆపించి మళ్ళీ చెప్పాల్సి వచ్చింది.

అత్త తల కూడా ఎత్తలేదు. "ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసు. తడి సేత్తో నేను తుడిసిన కాడే నువ్వు బొగ్గు ఎట్టి గీసేవు. తడి గోడకి బొగ్గు పట్టక ముద్దయిపోయింది. రోజూ సూస్తన్నాను, అదిగో."

గోడ మీద నా గీత, దాని మీద నేను కొట్టిన అడ్డగీత, నల్లగా ఉబ్బి ఉన్నాయి. అన్ని రోజులూ అందరూ చూస్తూనే ఉన్నారు.

"మరి నీదని ఎందుకన్నావు?"

"నువ్వలా లెక్చరిస్తంటే అవతల రసం పులిసిపోతంది. ఎవలో ఒకలు నాదే అంటే గాని ఇంకో పెనం ఎక్కదు కదా. నీ నోరు ఆగేలా కనపడలేదు, అందుకని నేనన్నాను."

నన్ను కాపాడడానికి అందేమో అనుకుని కళ్ళనీళ్ళు తెచ్చుకోవడానికి సిద్ధంగా ఉన్నాను. ఆవిడకి ఆ ఉద్దేశమే లేదు. అయినా నీళ్ళొచ్చాయి. మావయ్య గరిటెని ఆవిడ చేతిలో పెట్టి, తీర్పు చెప్పినట్టుగా, "ఈ విడత అయ్యేదాకా నువ్వు గరిటె ముట్టకూడదు," అన్నాడు నాతో. పుట్టినప్పటి నుంచీ ముట్టనివ్వలేదు, ఇప్పుడు కొత్తగా శిక్ష. అత్త లేచి వచ్చి పెనంలోకి ఒక్కసారి చూసి, "మంట తగ్గించండి," అంది. పాక అంతా తేలికపడినట్టు నాకు తెలిసింది. ఆ చెడిన పెనంలోంచి వచ్చిన నల్ల బెల్లం దిమ్మల్లో స్కూటీ మోయగలిగినన్ని సంచీలో వేసి కట్టారు.

ఇంటికి వచ్చి ఆ మూడు లైన్లూ రాశాను. పేరు దగ్గర, జర్నల్ చదివే భాగంలో నా తప్పు, అని రాసి పుణె ఆయనకి పంపాను.

శుక్రవారం మీటింగులో మేడం అడగకముందే "నాదే" అన్నాను. ఏది ఎలా జరిగిందో చెప్పి, వారం రోజులుగా లాకుల మీద అన్నవన్నీ తప్పని ఆయన పేరు పెట్టి చెప్పాను. ముందు అనుకున్న ప్రకారమైతే ఆ భాగం తీసెయ్యాలి, అని మేడం మెత్తగా మొదలుపెట్టారు. అప్పుడు పుణె ఆయన, తాను నిన్న సాయంత్రం నుంచీ ఈ మూడు లైన్లు పెట్టి మిషన్లు ఆపుతూనే ఉన్నానని, పాత ఫైలు ఒక్కసారి కూడా తిరిగి రాలేదని చెప్పారు. తప్పు ఎక్కడుందో తెలియని కోడ్‌ని తీసెయ్యడం సరే, తెలిసి సరైపోయినదాన్ని ఎందుకు తీసెయ్యాలి అని అడిగారు. తన లాకులు ఆ కోడ్ మీదే ఆధారపడి ఉన్నాయని కూడా అన్నారు. మేడం ఇంకో వారం పరీక్షించమన్నారు. వారం తర్వాత నా భాగాన్ని ఉంచారు.

ఆ రోజు మైకు ఆపుకుని ఏడ్చాను. మా ఆయన పైకి వచ్చి, ఈసారి నా గదిలో ఫ్యాను వేసి వెళ్ళారు.

తర్వాత పుణె ఆయన్ని అడిగాను, తప్పు నాదని లాగ్ చూడగానే తెలిసింది కదా, సూటిగా చెప్పొచ్చు కదా అని. నేను చెప్పి ఉంటే మీరు రెండు రోజులు నా లాగ్‌లో తప్పు వెతికేవాళ్ళు, మిమ్మల్నే చూడమంటే ఒక పూటలో అయిపోయింది, అన్నారాయన. మా అత్తనీ ఈయన్నీ ఒకచోట కూర్చోబెడితే నా సంగతి ఏమవుతుందో అనిపించింది. నల్ల బెల్లం దిమ్మ ఒకటి గుడ్డలో చుట్టి, అసలు కథ రాసి కొరియర్ చేశాను. టీలో వేసుకున్నామని, కాస్త ఉప్పగా ఉందని, వచ్చే ఏడు మీరు చెయ్యిపెట్టనిది పంపమని జవాబు వచ్చింది.

విడత ముగిసిన రోజు ఆఖరి పెనానికి నన్ను పిలిచారు. రసం మరుగుతోంది. మావయ్య గోడ మీద గీత గీశాడు. "ఆఖరి పెనమే కదా, నీ శిక్ష అయిపోయినట్టే," అని అత్త గరిటె నా చేతికిచ్చింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. నేను వెంటనే గోడ వైపు తిరిగాను.

"గోడ తరవాత సూద్దువు గాని," అంది. "ముందు పెనంలోకి సూడు."

చూశాను. నురగ అప్పుడే అంచుల నుంచి లేస్తోంది. గరిటె తిప్పుతూ సున్నపు చెంబు కోసం పక్కకి చూస్తే, అది అక్కడ లేదు. నా చెయ్యి అందకుండా అవతలి గుంజకి మేకు కొట్టి వేలాడదీసి ఉంది.